అశరీరవాణికి శరీరము

దేవకీదేవికి వివాహమై అత్తవారింటికి పోవుచుండగా, చెల్లెలిమీది ప్రేమచేత కంసుడు తానే రథము తోలెను. దారిలో ఆకాశమునుండి ఒక మాట వినవచ్చెను. ఈమెకు ఎనిమిదవ బిడ్డగా పుట్టువాడు నిన్ను వధించునని ఆ మాట. పలికినదెవరో కనబడలేదు. ఏల చెప్పవలసివచ్చినదో, విన్నవాడేమి చేయవలెనో అడుగుటకు ఎదుట ముఖము లేదు. మాట ముగిసెను, కత్తి ఒరనుండి వెలువడెను. ఆ వాణి అసత్యమాడలేదు. అయినను ఆ సత్యమునకు మూల్యము చెల్లించినవారు కన్ను తెరువని పసిబిడ్డలు.

ఆ రథముమీదనే మరియొక మాటయు పుట్టినది. అది వసుదేవునిది. పుట్టిన బిడ్డలను తెచ్చి అప్పగింతునని అతడు మాట యిచ్చెను. తొలిబిడ్డ కలిగినప్పుడు గుండె రాయి చేసికొని, ఆ శిశువును తానే యెత్తుకొనిపోయి కంసునియెదుట నిలిచెను. మాట నిలుపుకొన్న ఆ మనిషిని చూచి కంసుని వంటివాడును కరగి, బిడ్డను అప్పటికి తిరిగి యిచ్చివేసెనని భాగవతకథ. తరువాత జరిగినది వేరు. కాని ఆ క్షణమున అతని చేతిని ఆపినది వాదము కాదు, శాస్త్రము కాదు. మాటతోపాటు వచ్చి నిలుచున్న మనిషి.

ఈ రెండు మాటలకును గల భేదమే మా విచారమునకు విషయము. పలికినవాడు విన్నవారికి బాధ్యుడా? అయినచో ఆ బాధ్యత యెట్టిది? ఈ ప్రశ్న పురాణకాలముతో తీరినది కాదు. గాలిలో మాట పంపు యంత్రము మన యిండ్లలోనికి వచ్చిన నాటినుండి అది మరింత పెద్దదైనది. గంజాం జిల్లా తెలుగువారమైన మాకు అది మరింత దగ్గరిది.

మన దేశమున రేడియోకు ఆకాశవాణి యను పేరు చక్కగా అమరినది. ఆ పేరు ప్రభుత్వ కార్యాలయమునుండి వచ్చినది కాదు. 1935 లో మైసూరు మహారాజా కళాశాలయందు మనస్తత్వశాస్త్రము బోధించుచుండిన ఎం.వి. గోపాలస్వామిగారు తమ యింటనే చిన్న ప్రసారయంత్రమును నెలకొల్పి ఒక కేంద్రమును నడపిరి. ఆకాశవాణి అనునది ఆ కేంద్రమునకు అమరిన పేరు. 1950ల దశాబ్దిలో దేశమంతటి ప్రభుత్వ రేడియోకును అదియే పేరైనది. అనగా మన ఆకాశవాణికి పుట్టినిల్లు ఒక కళాశాల అధ్యాపకుని యిల్లు. ఆ చిన్న యంత్రపు మాటను విన్నవారిలో పెక్కురు ఆ యూరివారే; పలికినవారిని మరునాడు వీధిలో నిలిపి పలుకరింపగలవారే. పేరు అశరీరవాణిదైనను ఆ వాణికి శరీరముండెను.

ఆ మరుసటి యేడు 1936. మా ప్రాంతమువారు మరువరాని యేడు అది. ఏప్రిల్ 1 న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినది. అంతవరకు మద్రాసు రాజధానిలో నుండిన గంజాం జిల్లాలో అధికభాగము, బరంపురముతో కూడ, అందులో చేరినది. ఇచ్ఛాపురము సరిహద్దుకు ఆవల నిలిచినది. ఒక గంట ప్రయాణమైనను లేని రెండూళ్ల నడుమ గీత పడినది. ఆ యేడే జూన్ 8 న భారత ప్రభుత్వ ప్రసారశాఖ ఆలిండియా రేడియో అను పేరు ధరించినది. ఆ యేడే అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయమున జార్జి ఏబ్రహాం, డేవిడ్ బోర్స్ట్ అను ఇరువురు విద్యార్థులు వసతిగృహములలో తీగలు లాగి తమ తోటివారికొరకు ఒక చిన్న రేడియోను నడపనారంభించిరి. ఒకే యేట నేలపై ఒక గీత పుట్టినది. గీతలు తెలియని ఒక గొంతు పుట్టినది. పెద్ద గొంతులతో పనిలేక తమ గొంతును తామే వినుకొనవచ్చునను ఒక విద్యార్థిబుద్ధియు పుట్టినది. ఈ మూటిలో మొదటి రెంటిని మేమనుభవించితిమి. మూడవదానినిగూర్చి తగినంతగా ఆలోచింపలేదని మా అభిప్రాయము.

నేలమీది గీత పడిన తరువాత మాకు ఊరట యిచ్చినది రేడియో. 1948 జనవరి 28 న కటక కేంద్రమును, అదే సంవత్సరము డిసెంబరు 1 న విజయవాడ కేంద్రమును ప్రారంభమైనవి. 1963 ఆగస్టు 4 న విశాఖపట్టణ కేంద్రము వచ్చినది. బరంపురమునుండి విజయవాడ ఐదువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. పగలు అంతదూరపు మధ్యతరంగ ప్రసారము అందదు. అయనావరణపు దిగువ పొర ఆ తరంగములను మ్రింగివేయును. ప్రొద్దు క్రుంకిన పిమ్మట ఆ పొర పలుచనై పోవును. పై పొర ఆ తరంగములను అద్దమువలె భూమికి మరల్చును. అందుచేత మా యిండ్లలో తెలుగు రాత్రిపూట వచ్చు చుట్టమైనది. దీపము పెట్టిన తరువాత వచ్చును. ఒకప్పుడు స్పష్టముగా, ఒకప్పుడు సముద్రపు హోరువలె. మంచి పాట నడుమ మాయమై, చరణము ముగియువేళకు మరల వచ్చును. పెట్టెమీది ముల్లును కొంచెము జరిపినచో కటకము, మరి కొంచెము జరిపినచో తెలుగు. రెండు భాషలును ఒకే పెట్టెలో కాపురమున్నవి. కాని ఆ పెట్టెలోపల అవి ఎన్నడును ఒకదానితో నొకటి మాటాడుకొనలేదు. వీధిలోనికి వచ్చినచో అవి తెల్లవారినది మొదలు మాటాడుకొనుచునే యుండెను.

ఆ రేడియోకు మేము కృతజ్ఞులము. అది లేకున్నచో మాలో పెక్కురకు మంచి తెలుగు వినబడియే యుండదు. అయినను ఒక నిజము చెప్పుకొనవలెను. అది మాకు చెవులనిచ్చినది, నోరు నియ్యలేదు. విజయవాడ పలికెను, మేము వింటిమి. మా తెలుగెట్లుండునో విజయవాడకు తెలియదు. ఇందులో ఎవరి తప్పును లేదు. పెద్ద గొంతు స్వభావమే అది. అది అందరికిని చెప్పును, ఎవరిని అడుగదు. కొంతకాలమునకు విన్నవారికి ఒక అలవాటు పడును. తెలుగనునది ఎక్కడో దూరమున సరిగా పలుకబడు వస్తువనియు, మనము ఇంట పలుకునది దాని తరుగు మాత్రమేననియు తోచును. తన భాషలో తాను అతిథి యగుట అనగా ఇదియే.

దీని ఫలము పెద్దలకంటె పిల్లలలో ఎక్కువగా కనబడుచున్నది. బరంపురపు వీధులలో తెలుగు మాటాడు పిల్లలకు కొదువ లేదు. వారిలో ఎందరో బడిలో ఒడియా అక్షరములు, ఇంగ్లీషు అక్షరములు నేర్తురు. తెలుగు నోట నుండును, కంటికి తెలియదు. అవ్వ చెప్పిన కథ వారికి తెలియును. అదే కథ అచ్చులో ఎదురైనచో అపరిచితుని చూచినట్లు చూతురు. ఇప్పుడు పాఠకులు చదువుచున్న ఈ సంచిక అట్టి బిడ్డల చేతికిచ్చి చూడుడు. బొమ్మలు చూచి మూసివేయుదురు. భాషాభిమానముతో మనము వెలువరించు గ్రంథము మన బిడ్డలకే మూసిన తలుపు కావచ్చును. ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగా నున్నది. వ్రాయకుండుట మరింత సిగ్గు.

లిపి నేర్పవలెననుట నిస్సందేహము. కాని లిపి వచ్చువరకు ఆ బిడ్డను తెలుగువానిగా లెక్కింపకుందుమా? లిపి లేనివాని మాటకు విలువ లేదా? ఈ జిల్లాలోనే ఒక మహనీయుడు ఈ ప్రశ్నకు తన జీవితముతో జవాబు చెప్పెను. గిడుగు రామమూర్తిగారు అప్పటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. ఆ చుట్టుప్రక్కల కొండలలోని సవరల భాషకు ఆనాడు వాడుకలో లిపి లేదు. లిపి లేదని అది భాష కాదనలేదాయన. ఆ కొండలకు పోయి, ఆ మాట విని, నేర్చుకొని, వారి బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పుటకు పూనుకొనెను. ఆ భాషకు వ్యాకరణమును, 1938 లో ప్రకటితమైన నిఘంటువును సమకూర్చెను. ఆ అడవులలో తిరుగుటచే చలిజ్వరము పట్టి, దానికై వాడిన క్వినైనుచేత ఆయన వినికిడి చెడినదని చరిత్రకారులు వ్రాసియున్నారు. ఇతరుల మాట వినుటకై పోయి తన చెవులనే వెలగా చెల్లించిన ఉపాధ్యాయుడు ఆయన. వాడుకభాషకై పోరాడిన ఆయనను గ్రాంథికచ్ఛాయ విడువని ఈ వ్యాసములో స్మరించుట కొంత చమత్కారముగానే యున్నది. ఆయన క్షమించునని నమ్మెదము.

ఇక కళాశాల రేడియో సంగతి. మన దేశమున చిరకాలము ప్రసారహక్కు ప్రభుత్వముదే. 1995 ఫిబ్రవరి 9 న సుప్రీంకోర్టు ఒక తీర్పునందు వాయుతరంగములు ప్రజల సొత్తనియు, వాని వినియోగము ప్రజాహితమునకై క్రమబద్ధము కావలెననియు చెప్పినది. ఆ తీర్పు వ్రాసిన న్యాయమూర్తులలో ఒకరు తెలుగువారైన బి.పి. జీవన్‌రెడ్డిగారు. 2002 లో విద్యాసంస్థలకు స్వంత రేడియో కేంద్రములు నడపుకొను అవకాశము కలిగినది. 2004 ఫిబ్రవరి 1 న చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయమున మొదటి విద్యాసంస్థా కేంద్రము పలికినది. 2006 లో ఆ అవకాశము స్వచ్ఛంద సంస్థలకును లభించినది.

ఆ నియమములలో కొన్ని చూడదగినవి. ప్రసారశక్తి సాధారణముగా 100 వాట్లకు మించరాదు. స్తంభము 30 మీటర్లకు మించరాదు. కార్యక్రమములలో సగమైనను ఆ ప్రాంతపు ప్రజలు పాల్గొని చేసినవి కావలెను. భాష వీలైనంతవరకు స్థానికభాషయో, ఆ ప్రాంతపు మాండలికమో కావలెను. అట్టి కేంద్రపు గొంతు పది పదునైదు కిలోమీటర్లు పోవును. అంతకు మించి పోదు. ఇది దరిద్రమని కొందరి అభిప్రాయము. ఇదియే దాని సంపద యని మా అభిప్రాయము. సైకిలుపై పోయి రాగల దూరమది. ఉదయము పలికిన విద్యార్థి సాయంత్రము కూరగాయలు కొనుచోట తన మాటను విన్నవారిని కలిసికొనకతప్పదు. పెద్ద కేంద్రమునకు శ్రోతలుందురు. చిన్న కేంద్రమునకు పొరుగువారుందురు. శ్రోతకు చెవి చాలును. పొరుగువానికి నోరు కూడ నుండును.

అట్టి కేంద్రములోని జీవితమును కొంత చూచినవారము గనుక చెప్పగలము. పాతసామానుల గదియొకటి ఖాళీ చేసి, గోడలకు మెత్తని పలకలు కొట్టి, బల్లపై రెండు మైక్రోఫోనులుంచినచో అదియే స్టూడియో. తలుపుపై ఎఱ్ఱదీపము వెలిగినంతసేపు బయటివారు అడుగుల చప్పుడు కూడ కానీయరు. ఒకడు మాటాడును; ఒకతె ధ్వని సరిచూచును; ఒకడు గడియారము చూచును; ఒకడు చిట్టాలో వ్రాయును. తరగతిలో మొదటివాడు ఇక్కడ తీగలు చుట్టును. తరగతిలో నోరు మెదపని పిల్ల ఇక్కడ అందరికంటె తేటగా పలుకును. మూడు నిమిషములు చాలునని చెప్పినప్పుడు మూడు నిమిషములలో ముగించుట అక్కడ మొదటి పాఠము. తన గొంతును తాను మొదటిసారి విన్నప్పుడు ప్రతివాడును ఇది నాది కాదనును. వారము గడిచిన పిమ్మట నాదేననును. ఆ వారమున ఆ పిల్లవాడు కొంత పెద్దవాడగును.

అట్టి ఒక కళాశాలలో జరిగిన సంగతి చెప్పెదము. ఊరి పేరు, కళాశాల పేరు అనవసరము. తెలుగు, ఒడియా మాటాడు పిల్లలిరువురకును కలిపి వారమునకొక హాస్యకార్యక్రమముండెను. ఒక తెలుగు పిల్లవాడు అందులో బజారు తెలుగును అనుకరించెను. ఒడియా మాటలు కలిసిన తెలుగు, సాగదీసిన పలుకు, సగము తెలుగు సగము మరొకటి. స్టూడియోలోనివారు పగలబడి నవ్విరి. ఆ రాత్రి హాస్టలు భోజనశాలలో వంటచేయు ముసలామె అతని పళ్లెములో అన్నము వడ్డించుచు, "బాబూ, అది నేనే గదా?" అని మాత్రము అడిగెను. కోపముతో కాదు; నిజముగా తెలిసికొనగోరి. పిల్లవాడు భోజనము ముగింపలేకపోయెను. "పెద్దమ్మా, నిన్ను కాదు" అనుటకు నోరు రాలేదు. ఏలయన అది ఆమెయే.

అతడు క్షమాపణ ప్రసారము చేసి ఊరుకొనవచ్చును. అట్లు చేయలేదు. మరుసటి వారము ఆమెనే మైక్రోఫోనుముందు కూర్చుండబెట్టి, తాను ప్రక్కన కూర్చుండెను. ఆమె రాత్రి అన్నములో నీరుపోసి ఉదయమున తిను పఖాళనుగూర్చి మాటాడెను. అదే చద్దన్నమని తన అమ్మ అనెడిదనియు, తన కోడండ్రు పఖాళ యందురనియు, కడుపునకు రెండును ఒకటేననియు చెప్పెను. ఆమె పలికినది అతడు అనుకరించిన తెలుగే. ఈమారు ఎవరును నవ్వలేదు. నవ్వినచోట ఆమెతో కలిసి నవ్విరి. మేము ఎన్నో గొప్ప ప్రసంగములను వింటిమి. వానిలో ఎన్ని ఈ పదినిమిషములకు సరితూగునో చెప్పలేము.

మొదటివారము ఆ పిల్లవాని గొంతు అశరీరవాణి. వెల చెల్లించినది వంటామె. రెండవవారము వెలను అతడే చెల్లించెను. తన సిగ్గును నలుగురియెదుట పెట్టుకొనెను. పెద్ద కేంద్రములో ఇది జరుగుట కష్టము. అక్కడ వంటామె మాట వినువాడెవ్వడు? ఉత్తరము వ్రాయుటకు ఆమెకు అక్షరములు లేవు. ఇక్కడ పళ్లెమునకును గరిటెకును నడుమ గల దూరమే ఆమెకు చాలినది.

దీనికి మూడు ఆక్షేపణలు వచ్చుచున్నవి. మూడును తోసివేయదగినవి కావు.

మొదటిది పండితులది. ఇట్టి తెలుగును గాలిలోనికి వదలినచో భాష చెడదా? పిల్లలు ఇదియే సరియైనదనుకొనరా? శుద్ధమైన తెలుగు నేర్పవలసినదే. కాని నేర్పుట యనగా ఎదుటివానితో మాటాడుట. ఎదుటివానినిగూర్చి మాటాడుట కాదు. పండితులు ఆ స్టూడియోకు వచ్చి ఆమె ప్రక్కన కూర్చుండి తమ తెలుగులో పలికినచో ఎవరు వలదందురు? తప్పు దిద్దువాడు దగ్గర నుండవలెను. దూరమునుండి దిద్దినచో తప్పు పోదు, నోరు పోవును.

రెండవది మన సంఘములలోనివారిది. తెలుగుకు ప్రత్యేకముగా ఒక గంట అడుగరాదా? అడుగవచ్చును. కాని ఆ గంటలో ఏమి చేయుదుమో ముందుగా విచారింపవలెను. సినిమాపాటలు వేసి, పెద్దల సందేశములు చదివి ముగించినచో అది మరియొక విజయవాడ యగును. దూరము తగ్గినది, తీరు మారలేదు. బరంపురమున రెండేండ్లకొకమారు బూఢీ ఠాకురాణి యాత్ర జరుగును. ఆ తల్లి పుట్టినింటి వేడుకకు దేశిబెహరా వీధిలోని తెలుగు నేతవారు పూనిక వహింతురు. ఊరంతయు, ఒడియావారు తెలుగువారను భేదము లేక, ఆమెను ఆడపడుచుగా చూచుకొందురు. అక్కడ ఎవరికిని ప్రత్యేకమైన గంట లేదు. అయినను ఎవరి మాటయు మునిగిపోలేదు. ఒకే బల్లవద్ద రెండు భాషలు కూర్చుండి, ఒకటి చెప్పినది మరియొకటి అడిగి తెలిసికొను కార్యక్రమము మా దృష్టిలో పది ప్రత్యేక గంటలకు సమానము. తెలుగువాడు తెలుగులో పలుకవలెను. ఒడియా పొరుగువాడు వినుచున్నాడని ఎరిగి పలుకవలెను.

మూడవది అన్నిటికంటె బరువైనది. ముఖము కనబడినచోట భయముండును. పొరుగువానికి వెరచి విద్యార్థి కట్నమునుగూర్చి నోరెత్తలేడు. కులమునుగూర్చి నిజము చెప్పలేడు. కొన్ని సత్యములకు ముసుగు కావలెను గదా? నిజమే. 1942 లో క్విట్ ఇండియా ఉద్యమకాలమున బొంబాయిలో ఇరువదిరెండేండ్ల విద్యార్థిని ఉషా మెహతాగారు, సహచరులతో కలిసి, రహస్యముగా కాంగ్రెసు రేడియోను నడపిరి. పోలీసులకు చిక్కకుండ స్థలములు మార్చుచు, కొన్ని నెలలు దేశమునకు వార్తలు వినిపించిరి. అది ముఖము దాచుకొన్న వాణియే. దానిని అధర్మమని ఎవరనగలరు? కాని తరువాత జరిగినది చూడవలెను. నవంబరులో పట్టుబడినప్పుడు ఆమె తోటివారి పేర్లు చెప్పలేదు. నాలుగేండ్ల శిక్ష పొంది చెరసాలకు పోయెను. గొంతు దాగినది, దానికి వెల మాత్రము పలికినవారి శరీరమే చెల్లించినది.

ఇక్కడ మా విచారము ఒక కొలిక్కి వచ్చుచున్నది. మాటకు శరీరముండుట యనగా ముఖము చూపుట మాత్రమే కాదు. ఆ మాటకు వెల యేర్పడినప్పుడు దానిని తానే చెల్లించుటకు సిద్ధపడుట. కంసుడు విన్న వాణికి లేనిది అదియే. వసుదేవునికి, ఉషా మెహతాగారికి, ఆ హాస్టలు పిల్లవానికి ఉన్నది అదియే. పొరుగువానికి వెరచి నిజము మ్రింగువాడు బాధ్యతగలవాడు కాడు. పొరుగువాడు ప్రశ్నించినప్పుడు నిలుచువాడు బాధ్యతగలవాడు. జవాబు చెప్పుట వేరు, మెప్పించుట వేరు.

ఈనాడు ఈ విచారము మరింత అవసరము. ప్రతివాని జేబులో నొక ప్రసారయంత్రమున్నది. ఎవరు పలికిరో తెలియని మాట ఫోనునుండి ఫోనునకు క్షణములో పోవుచున్నది. అందరును అశరీరవాణులైన కాలమిది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురమువద్ద తీరము దాటినది. లక్షలమంది ఇండ్లు విడిచి సురక్షిత స్థలములకు చేరవలసివచ్చినది. అట్టి రాత్రి విద్యుత్తు ఉండదు, ఫోను పలుకదు; బ్యాటరీ రేడియోయే దిక్కు. కదలుడు అని చెప్పిన గొంతు ఎవరిదో తెలిసినచో ముసలమ్మ కదలును. తెలియకున్నచో గుమ్మము పట్టుకొని కూర్చుండును. ఋషికుల్య గట్టున తెలుగు, ఒడియా తెలిసిన గొంతొకటి ముందే ఆ యిండ్లకు పరిచితమై యుండుట తుపానునాడు కల్పించుకొనగలది కాదు. అది పఖాళనుగూర్చి, పంటనుగూర్చి, పరీక్షలనుగూర్చి మాటాడిన వందల దినములలో కూడబెట్టుకొన్న నమ్మకము.

అక్షరము రానివారు ఇట్టి బాధ్యతను మోయగలరా యనువారు తెలంగాణమువైపు చూడవలెను. నాటి మెదక్ జిల్లా మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళితస్త్రీలు సంఘం రేడియోను నెలకొల్పుకొనిరి. 1998 నాటికే వారికి స్టూడియో ఏర్పడినది. అనుమతి మాత్రము రాలేదు. వారు మానలేదు. తమ మాటలను, పాటలను, విత్తనముల సంగతులను టేపులపై ఎక్కించి, సంఘముల సమావేశములలో వినిపించుకొనిరి. పదేండ్ల పిమ్మట 2008 అక్టోబరు 15 న వారి గొంతు గాలిలోనికి వచ్చినది. గాలి లేని ఆ పదేండ్లలో వారు చేసినదేమి? మాట చెప్పి, విన్నవారియెదుటనే కూర్చుండి, వారి ప్రశ్నలకు జవాబు చెప్పిరి. రేడియో రాకముందే వారు రేడియోకు అర్హులైరి. వారి తెలుగు ఏ కేంద్రపు తెలుగుకును తరుగు కాదు. అది వారి ఊరి తెలుగు.

బరంపురమున 1878 లోనే కళాశాలస్థాయి విద్య మొదలైనది. అదియే పిమ్మట ఖల్లికోట కళాశాలయై, ఇటీవల విశ్వవిద్యాలయముగా రూపొందినది. 1967 లో వెలసిన బరంపురము విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు ఒడియా మహాకవి ఉపేంద్రభంజుని స్మరించు భంజవిహార మను పేరున్నది. ఇంతటి విద్యాపీఠములున్న ఊరిలో, రెండు భాషలు వీధివీధిని కలిసిమెలిసి యుండు ఊరిలో, కళాశాల రేడియో యనునది విద్యార్థుల వేడుకగా మిగిలిపోరాదు. అది మాటకు బాధ్యత నేర్పు బడి కావలెను. అందుకు మనవంటి సంఘములు చేయవలసినది ధనమిచ్చుట మాత్రమే కాదు. మన గంటకై పట్టుబట్టుట అంతకంటెను కాదు. మన పిల్లలను అక్కడ కూర్చుండనిచ్చి, వారు తప్పుగా పలికినప్పుడు నవ్వక, సరిగా అడిగినప్పుడు జవాబు చెప్పుట.

ఇది రేపటి పని. నేడే చేయదగిన పని యొకటి కలదు. దానికి ప్రసారయంత్రము అక్కరలేదు, అనుమతి అక్కరలేదు. ఈ సంచికను చదువలేని బిడ్డ ప్రతి తెలుగింటను ఒకడైనను ఉండవచ్చును. ఈ రాత్రి ఆ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, నచ్చిన పుట యొకటి బిగ్గరగా చదివి వినిపింపుడు. అది ఈ వ్యాసమే కానక్కరలేదు. నడుమ ఆ బిడ్డ ఆపి, ఇదెందుకట్లు అని అడుగును. అప్పుడు పుస్తకము మూసి, ఆ బిడ్డ తెలుగులోనే జవాబు చెప్పుడు.